ఓఆర్‌ఎస్ ఆన్‌లైన్ పాఠాన్ని కథగా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాఠాల పెట్టె (ప్రశ్న):

ఆశా కార్యకర్తల కోసం పిల్లల నీళ్ల విరేచనాల మీద ఒక ఆన్‌లైన్ కోర్సు ఉంది. 34 స్లైడ్లు, వెనక ఒక గొంతు, చివర 10 ప్రశ్నల క్విజ్. మొత్తం 28 నిమిషాలు. మూడ్ల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో నడుస్తోంది, దాదాపు అందరూ ఫోన్‌లోనే చూస్తారు. క్విజ్‌లో మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చేతికిచ్చి "తల్లికి చెప్పినట్టు చెప్పండి" అంటే నీళ్ల కొలత దగ్గరే తడబడుతున్నారు. లాగ్ (ఎవరు ఏది ఎంతసేపు చూశారన్న నమోదు) చూస్తే స్లైడ్ మీద సగటున పది సెకన్లు కూడా ఆగడం లేదు.

దీన్ని కథగా మార్చమన్నారు. నాకు తేలనివి ఇవి. 28 నిమిషాల విషయానికి ఎంత నిడివి కథ కావాలి? చూసేవాళ్లే నిర్ణయం తీసుకునేలా కొమ్మలు పెడితే పని ఎంత పెరుగుతుంది? తల్లి పాత్ర ఏ యాసలో మాట్లాడాలి? శిక్షణ రెండు రాష్ట్రాలకూ వెళ్లాలి. ఇంకో చికాకు: పాత స్క్రిప్టు డీటీపీలో వాడే అను ఫాంట్లలో ఉంది, అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. వీడియో ఎడిటర్‌లో వత్తులు విడిపోతున్నాయి. ఎంపికలున్న పాఠాలు తయారుచేసే ఉచిత టూల్ హెచ్‌ఫైవ్‌పీ వాడటం వచ్చు, అదే పనికి డబ్బు పెట్టి కొనాల్సిన స్టోరీలైన్‌కు బడ్జెట్ లేదు.

కథల కొలిమి:

నిడివి సంగతి తర్వాత చూద్దామండీ. ముందు ఆ 34 స్లైడ్లు పక్కన పెట్టి ఒక కాగితం మీద ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: గడపలో నిలబడ్డప్పుడు ఆశా కార్యకర్త తీసుకోవలసిన నిర్ణయాలు ఏవి? విరేచనాలంటే ఏమిటి, క్రిములు ఎన్ని రకాలు, ఇవేవీ నిర్ణయాలు కావు. బిడ్డను ముందు చూడాలా, ప్యాకెట్ ముందు ఇవ్వాలా? ఇంట్లో చూసుకోవచ్చా, పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పంపాలా? ఏ పాత్రలో కలపాలి? వాంతి చేసుకుంటే ఆపాలా? జింక్ ఎన్ని రోజులు వెయ్యమని చెప్పాలి, బిడ్డ మూడో రోజుకే బాగైతే తల్లిని ఎలా ఒప్పించాలి? నాలుగైదుకు మించి రావు. కోర్సు అంటే అవే. మిగతాదంతా "ఇంకా చదవాలంటే" అన్న ఒక పీడీఎఫ్‌లో పెట్టేయండి.

డిజిటల్ స్టోరీ టెల్లింగ్ అన్న పేరు కింద రెండు వేరువేరు పనులు కలిసిపోతున్నాయి. 1990లలో కాలిఫోర్నియాలో డానా ఆచ్లీ, జో లాంబర్ట్ మొదలుపెట్టిన పద్ధతిలో మనిషి తన అనుభవాన్ని తన గొంతుతో, కొన్ని నిశ్చల చిత్రాలతో రెండు మూడు నిమిషాల్లో చెబుతాడు. అది మనసును కదిలిస్తుంది, "ఈ విషయం పట్టించుకోవాలి" అనిపిస్తుంది. చెయ్యి తిరగడానికి మాత్రం చాలదు. రెండోది సన్నివేశ శిక్షణ: కథ ఆగుతుంది, చూసే మనిషి ఎంచుకుంటుంది, ఫలితం కనిపిస్తుంది. మీకు కావలసింది ప్రధానంగా ఈ రెండోదే. మొదటిది 60 నుంచి 90 సెకన్లు ముందు పెట్టుకోండి, చాలు.

ఆ 90 సెకన్లలో ఓఆర్‌ఎస్ చరిత్ర చెప్పాలని చాలామందికి అనిపిస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ నిండుకున్నప్పుడు దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి వేలమందిని నిలబెట్టారు. గొప్ప కథే, నాకెంతో ఇష్టం. అయినా ఈ కోర్సుకు అది మొదలు కాకూడదు, ఎందుకంటే అందులో కథానాయకుడు డాక్టరు. ఇక్కడ కథానాయిక ఆశా కార్యకర్త. తెర వెలగగానే తన ఊరి గడపే కనిపించాలి.

మొదటి సన్నివేశం ఇలా ఉండొచ్చు:

ఎండ. గడపలో మీరు. తల్లి చంకలో 11 నెలల బిడ్డ.
తల్లి: "పొద్దున్నించి అయిదుసార్లు వెళ్లాడక్కా. ఒట్టి నీళ్లే. పళ్లొస్తున్నాయిగా, అదే తగ్గిపోతుందంటోంది మా అత్త."
తెర ఆగుతుంది. ముందు ఏం చేస్తారు?
అ) సంచిలోంచి ప్యాకెట్ తీసి కలిపే పద్ధతి చెబుతాను.
ఆ) బిడ్డను ఒళ్లోకి తీసుకుని చూస్తాను.
ఇ) పళ్లకూ విరేచనాలకూ సంబంధం లేదని అత్తగారికి చెబుతాను.

మూడూ మంచి కార్యకర్త చేసే పనులే, చూడండి. తేడా వరసలో ఉంది. తప్పు జవాబు చూడగానే తప్పని తెలిసిపోతే అది నిర్ణయం కాదు, వేషం మార్చుకున్న క్విజ్.

ఎంచుకున్నాక "తప్పు, మళ్లీ ప్రయత్నించండి" అని ఎర్ర గుర్తు పెట్టకండి. ఫలితం చూపించండి. "ఇ" నొక్కితే: అత్త మొహం ముడుచుకుని లోపలికి వెళ్లిపోతుంది, తల్లి అటే చూస్తోంది, మీ మాట సగమే వింటోంది, బిడ్డ ఇంకోసారి వెళ్లాడు. 15 నుంచి 25 సెకన్లు. ఆ తర్వాతే కారణం రెండు వాక్యాల్లో.

కొమ్మల లెక్క ముందే వేసుకోకపోతే ప్రాజెక్టు మునుగుతుంది. నాలుగు నిర్ణయాలు, ఒక్కోదానికి మూడు దారులు, ఏ దారీ మళ్లీ కలవదు అనుకుంటే 3, 9, 27, 81, మొత్తం 120 సన్నివేశాలు రాయాలి. ఎవరి వల్లా కాదు. ప్రతి ఎంపిక తర్వాత ఫలితం చూపించి దారులన్నిటినీ తిరిగి ఒకే ముడి దగ్గరికి తెండి. అప్పుడు 4 ప్రశ్న సన్నివేశాలు, 12 ఫలితాలు, ఒక ముగింపు, అంటే 17. ఒక్క చోట మాత్రం నిజంగా వేరే దారి ఉంచండి: బిడ్డ పరిస్థితి తీవ్రమని గుర్తించకపోతే కథ పీహెచ్‌సీ దగ్గర తేలాలి. అది రెండు మూడు సన్నివేశాలు కలుపుతుంది, అంతే.

ఎవరు ఏ దారి పట్టినా చూసేది 9 నుంచి 12 నిమిషాలు. 28 అక్కర్లేదు.

పల్లె నర్సు:

కొలిమి గారి సన్నివేశం బాగుంది. లోపల పడే కొలతలు ఒకచోట పెడుతున్నాను. స్క్రిప్టులో ఒక్క అంకె తేడా వచ్చినా వందల ఇళ్లకు ఆ తేడాతోనే వెళుతుంది, అందుకని రికార్డింగ్‌కు ముందు మీ జిల్లా శిక్షకులతో కూడా చదివించండి.

లీటరు ప్యాకెట్‌లో ఉండేది 20.5 గ్రాములు: గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. లీటరు నీటిలో కలిపితే గాఢత లీటరుకు 245 మిల్లీఆస్మోల్స్. అదే పొడిని అర లీటరులో కలిపితే 490 అవుతుంది. చిక్కటి ద్రావణం పేగులోకి నీటిని లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. "చిక్కగా ఉంటే బలం" అనుకునే తల్లికి ఆశా కార్యకర్త చెప్పాల్సింది ఇదే, అంకెలు లేకుండా. రుచి చూస్తే కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదు. ఈ పోలిక తల్లులకు ఇట్టే పడుతుంది.

మందుల షాపుల్లో 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. కాబట్టి "ప్యాకెట్ అంటే లీటరు" అని గుడ్డిగా నేర్పొద్దు. "ముందు ప్యాకెట్ మీద చదువు" అన్నది కథలో ఒక కదలికగా ఉండాలి, పాత్ర ప్యాకెట్ తిప్పి చూడాలి. కలిపింది 24 గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి.

ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్లు దాటితే 100 నుంచి 200. గుక్క గుక్కగా. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి మళ్లీ, ఇంకా నెమ్మదిగా. ఎక్కువమంది తల్లులు ఆపేసేది ఇక్కడే, కాబట్టి ఇది మీ నాలుగు నిర్ణయాల్లో ఒకటి కావాలి. తల్లిపాలు ఆపకూడదు. జింక్ 14 రోజులు: ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు సగం. చెంచాలో తల్లిపాలలోనో నీళ్లలోనో కరిగించి ఇవ్వాలి.

పంపాల్సిన గుర్తులు: మగతగా పడి ఉండటం, తాగలేకపోవడం, కళ్లు లోపలికి పోవడం, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే 2 సెకన్లకు పైగా పట్టడం. వీటిలో రెండు ఉంటే తీవ్రం. విరేచనంలో రక్తం కనబడితే, మిగతావి ఏమీ లేకున్నా పంపాల్సిందే.

ఆ చర్మం పరీక్షను బొమ్మలో చూపించకండి, దయచేసి. అక్కడ అసలు పాఠం సమయం. నిశ్చల చిత్రంలో రెండు సెకన్లు కనబడవు. బొడ్డుకూ పక్కకూ మధ్య, ఒంటికి నిలువుగా చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలితో పట్టి, ఒక సెకను ఉంచి వదలాలి. వీడియోనే కావాలి, దగ్గరగా తీసింది. మామూలుగా వెనక్కి వెళ్లేది, నెమ్మదిగా వెళ్లేది, రెండూ పక్కపక్కన వెయ్యండి. జబ్బుపడిన బిడ్డను కథ కోసం వాడొద్దు. శిక్షణకోసం అనుమతితో తీసిన వీడియోలు ఆరోగ్య శాఖ శిక్షకుల దగ్గర ఉంటాయి, వాళ్లని అడగండి.

మీ జాబితాలో లేని నిర్ణయం ఇంకొకటి ఉంది. తండ్రి షాపు నుంచి రంగు పానీయం డబ్బా తెస్తాడు, "ఇదీ ఓఆర్‌ఎస్సే, పిల్లాడు ఇష్టంగా తాగుతాడు" అంటాడు. అందులో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ, విరేచనాలు ఇంకా ముదురుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. పేరు మారినా ఆ డబ్బాలే ఓఆర్‌ఎస్ అన్న నమ్మకం ఇళ్లలో వెంటనే పోదు. తండ్రిని చిన్నబుచ్చకుండా ఆ డబ్బా పక్కన పెట్టించడం ఆశా కార్యకర్తకు నిజంగా కష్టమైన పని. కథ అంటే అలాంటి చోటే పండుతుంది.

ఒక విన్నపం. తప్పు ఎంచుకుంటే బిడ్డ చనిపోయినట్టు చూపించకండి. ఆ ఊళ్లలో నిజంగా బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి, చూసేవాళ్లలో ఆ తల్లులూ ఉండొచ్చు. పైగా భయం వేసిన మనిషి ఫోన్ పక్కన పెట్టేస్తుంది, కారణం దాకా రాదు. రాత్రి ఆటోలో పీహెచ్‌సీకి పరుగు, చేతికి సెలైన్, తల్లి మొహం. ఇంతవరకు చాలు.

ధ్వని శాల:

యాస గురించి. మొత్తం కోర్సును రెండుసార్లు రికార్డు చెయ్యక్కర్లేదు. కథ చెప్పే గొంతు ఒకటే, మామూలు వాడుక తెలుగులో. తల్లి, అత్త, తండ్రి మాటలు మాత్రం రెండు రకాలుగా తీయండి. అన్నీ కలిపి పాతిక వాక్యాలు దాటవు. ఒకచోట "పొద్దున్నించి అయిదుసార్లు వెళ్లాడక్కా, ఒట్టి నీళ్లే" అంటే ఇంకోచోట "పొద్దుగాల సంది అయిదుసార్లు పోయిండక్కా, నీళ్ల లెక్క". ఆ యాస పుట్టి పెరిగిన మనిషి చేతే చెప్పించండి, రాసిన వాక్యాన్ని ఆమెనే మార్చుకోనివ్వండి. ఒక పద్ధతి మాత్రం ఎప్పటికీ వద్దు: తెలియని తల్లి యాసలో మాట్లాడటం, తెలిసిన ఆశా కార్యకర్త పత్రికల భాషలో మాట్లాడటం. చూసేవాళ్లకు అది వెంటనే గుచ్చుకుంటుంది. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే మాట.

"అతిసారం", "నిర్జలీకరణం" అన్న మాటలు కథలో ఎక్కడా రాకూడదు. విరేచనాలు, ఒంట్లో నీళ్లు తగ్గడం, అంతే.

నిమిషానికి 90 నుంచి 110 తెలుగు మాటలు చదివితే వినసొంపుగా ఉంటుంది. 25 సెకన్ల ఫలితానికి 40 మాటలకు మించి రాయకండి. మిగతాది బొమ్మా, నిశ్శబ్దమూ చూసుకుంటాయి. రికార్డింగ్‌కు స్టూడియో అక్కర్లేదు. ఫ్యాను ఆపి, బీరువా తెరిచి బట్టల ముందు కూర్చుంటే గోడల ప్రతిధ్వని పోతుంది. ఫోన్ నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు. ఎదురుగా పెడితే ప, ఫ, భ దగ్గర గాలి కొడుతుంది. మొదట అయిదు సెకన్లు ఏమీ మాట్లాడకుండా వదలండి, ఉచిత ధ్వని ఎడిటర్ ఆడాసిటీలో చప్పుడు తగ్గించడానికి ఆ ముక్కే నమూనా. తగ్గింపు 6 నుంచి 9 డెసిబెల్స్ చాలు. మొత్తం చప్పుడు పోవాలని ఎక్కువ పెడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. అన్ని ముక్కలనీ ఒకే బిగ్గరతనానికి, మైనస్ 16 లఫ్స్‌కు (బిగ్గరతనం కొలత) సరిచేసి, మోనోలో తీయండి.

సంగీతం విషయంలో నాది గట్టి అభిప్రాయం: కొలతలు చెప్పేచోట వద్దే వద్దు. సంగీతం బదులు చోటు వినిపించండి. చేతిపంపు, కోడి, గిన్నెల చప్పుడు, దూరంగా ఆటో. గొంతుకంటే 20 డెసిబెల్స్ కింద. చౌక ఫోన్ స్పీకర్‌లో అంతకంటే పైకి వస్తే మాట మునిగిపోతుంది.

ఇక అక్షరాలు. అను ఫాంట్లలో రాసింది యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదివే అక్షరాల పద్ధతి) కాదు, అందుకే అతికిస్తే పిచ్చి అక్షరాలు. ఏదైనా యూనికోడ్ కన్వర్టర్‌లో వేసి మార్చండి, కానీ మార్చాక ఒక మనిషి మొత్తం చదవాలి. ద్ద, ద్ధ తారుమారవడం, అంకెలు, విరామ చిహ్నాలు చెడటం మామూలు. వత్తులు విడిపోవడం ఎడిటర్ తప్పు. ప్రీమియర్ అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ను "సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్"కు మార్చి ప్రోగ్రాం మూసి తెరవండి. ఏ ఎడిటర్‌లోనూ కుదరకపోతే అక్షరాలను వేరేగా పారదర్శక పీఎన్‌జీ బొమ్మగా చేసి పైన అతికించండి, మొరటు పద్ధతే గానీ ఎప్పుడూ పనిచేస్తుంది.

"పీహెచ్‌సీ" లాంటి మాటల్లో చ్ తర్వాత కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కొన్ని టూల్స్ దాన్ని తీసేస్తాయి, అప్పుడు చ కింద స వత్తు పడి "పీహెచ్సీ" అవుతుంది. అప్‌లోడ్ చేశాక ఇలాంటి మాటలన్నీ వెతికి చూసుకోండి.

ఫాంట్: చదివే వాక్యాలకు నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ. రామభద్ర శీర్షికలకే, వాక్యాలకు వాడితే ఫోన్‌లో ముద్దగా కనిపిస్తుంది. వరసల మధ్య ఎడం 1.5 రెట్లకు తగ్గితే పై వరస వత్తు కింది వరస గుడిని తాకుతుంది. 1280×720 వీడియోలో అక్షరం 48 పిక్సెల్స్‌కు తక్కువ వద్దు.

పాఠాల పెట్టె:

ఇన్ని వివరాలకు ధన్యవాదాలు. ఒక సందేహం. గొంతు చెబుతున్న ప్రతి మాటనూ తెర మీద కూడా వెయ్యమని మా సమీక్షలో అంటున్నారు, చదివితే గుర్తుంటుందని. వెయ్యాలా? ఫైళ్ల బరువు కూడా భయంగా ఉంది. ఫోన్‌లో తీసిన వీడియో ఒక్కటే వంద ఎంబీ దాటుతోంది.

కథల కొలిమి:

వెయ్యకండి. విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ మల్టీమీడియా సూత్రాల్లో ఒకటి సరిగ్గా ఇదే: బొమ్మ, గొంతు, అదే మాటల అక్షరాలు మూడూ కలిస్తే కన్ను అక్షరాల వెంట పోతుంది, బొమ్మ చూడదు. చర్మం వెనక్కి వెళ్లే ఆ రెండు సెకన్లు చదువుతూ కూర్చుంటే ఏం నేర్చుకున్నట్టు? తెర మీద అంకె మాత్రం రావాలి. "1 లీటరు", "14 రోజులు", "10 నిమిషాలు ఆగి".

చివరి మైలు:

కొలిమి గారితో సగమే ఏకీభవిస్తాను. సూత్రం నిజం, కానీ అది వినబడే చోట నిజం. ఆశా కార్యకర్తలు బస్టాండులో, టీకాల రోజు సబ్‌సెంటర్ వరండాలో, ఇంట్లో అందరూ పడుకున్నాక స్పీకర్ ఆపి చూస్తారు. ఇయర్‌ఫోన్లు అందరి దగ్గరా ఉండవు. కాబట్టి మాటలను వీడియోలోనే శాశ్వతంగా అతికించెయ్యకుండా విడిగా సబ్‌టైటిల్ ఫైలుగా ఇవ్వండి, కావలసినవాళ్లు పెట్టుకుంటారు. హెచ్‌ఫైవ్‌పీ వీడియోలో వెబ్‌వీటీటీ ఫైలు పడుతుంది. దాన్ని యూటీఎఫ్‌-8 పద్ధతిలో సేవ్ చెయ్యండి, లేకపోతే తెలుగు స్థానంలో ప్రశ్న గుర్తులు వస్తాయి. చర్మం పరీక్ష నడిచే ముక్కలో మాత్రం ఆ సబ్‌టైటిల్‌ను ఖాళీగా వదిలేసి, చెప్పాల్సింది ముందే చెప్పేయండి. అప్పుడు కొలిమి గారి బాధా తీరుతుంది.

బరువు లెక్క ఇదిగో. మీ వీడియో మొత్తం ఆరు నిమిషాలు, అంటే 360 సెకన్లు అనుకుందాం. ఫోన్ నుంచి వచ్చింది సెకనుకు 8 మెగాబిట్లయినా 360 ఎంబీ. అదే వీడియో కుదించే టూల్ హ్యాండ్‌బ్రేక్‌లో హెచ్ 264, 720 పిక్సెల్స్, వీడియో 500 కేబీపీఎస్, ఆడియో 64 కేబీపీఎస్ మోనోకు దించితే 25 ఎంబీ. నిశ్చల చిత్రాల మీద నడిచే కథకు 500 ధారాళంగా చాలు. చర్మం పరీక్ష ముక్కను మాత్రం 1000 దగ్గర ఉంచండి, అక్కడ మసకబారితే పాఠమే పోతుంది.

మూడ్ల్‌కు ఎక్కించేటప్పుడు ఆగిపోతే తప్పు మీ హెచ్‌ఫైవ్‌పీ ప్యాకేజీది కాకపోవచ్చు. సర్వర్ పీహెచ్‌పీ సెట్టింగుల్లో అప్‌లోడ్ పరిమితి, పోస్ట్ పరిమితి అని రెండు ఉంటాయి, రెంటినీ పెంచాలి. ఒకటే పెంచి, ఎక్కడ ఆగుతోందో తెలియక తలపట్టుకునేవాళ్లే ఎక్కువ. వీడియోలకు బయటి లింకులు ఇస్తే బరువు తప్పుతుంది, కానీ అప్పుడు నెట్ లేని ఊళ్లో కథ నడవదు. ప్యాకేజీలోనే పెట్టి, మూడ్ల్ యాప్‌లో ముందే దించుకోమని చెప్పడం మేలు. ముందు మీరు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒకసారి మొత్తం ఆడి చూడండి.

మూడ్ల్ దాకా రానివాళ్లకు అదే కథ వాట్సాప్‌లో. ఒక్కో సన్నివేశం ఒక చిన్న వీడియో, చివర "1, 2, 3లో ఒకటి పంపండి". జవాబు గుంపులో పెట్టిస్తే మొదటి మనిషి ఏది పంపితే అందరూ అదే పంపుతారు. విడిగా పంపించుకోవాలి, లేదా నెలవారీ సమావేశంలో ఒకే తెర మీద వేసి చేతులెత్తించాలి. ఈ రెండో పద్ధతి చిన్నచూపు చూడదగింది కాదు. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ప్రాజెక్టుగా మొదలైనప్పటి నుంచి రైతుల దగ్గర చేసింది ఇదే: ఆ ఊరివాళ్లే నటించిన చిన్న వీడియో, మొదట్లో టీవీ, తర్వాత చేతిలో పట్టే ప్రొజెక్టర్, మధ్యలో ఆపి ప్రశ్న అడిగే ఒక మనిషి. ఆపి అడగడంలోనే పని జరుగుతుంది.

ఇక పనిచేసిందో లేదో చూడటం. చివరి క్విజ్ తీసేయండి. కథ అయ్యాక వేరే బిడ్డ, వేరే ఇల్లు, కొత్త చిక్కుతో ఒకే ఒక సన్నివేశం పెట్టి, సహాయం లేకుండా ఎంచుకోమనండి. రెండు వారాల తర్వాత కొంతమందికి ఫోన్ చేసి "లీటరు ప్యాకెట్ ఉంది, ఇంట్లో గ్లాసే ఉంది, తల్లికి ఏం చెబుతారు?" అని అడిగి వినండి. లాగ్‌లో చూడాల్సింది మార్కులు కాదు, మొదటిసారి ఎవరు ఏది నొక్కారన్నది. ఒక ప్రశ్నకు అందరూ మొదటే సరైనది నొక్కితే ఆ ప్రశ్న వల్ల ఎవరికీ ఒరిగింది లేదు, ఎంపికలు మార్చండి.

పాఠాల పెట్టె:

రెండో నిర్ణయం రాశాను, చూడగలరా?

"తల్లి: నీళ్లు ఎన్ని పోయాలక్కా? అ) ఒక లీటరు. ఆ) అర లీటరు. ఇ) నీళ్లు కాదు, పాలు."

పల్లె నర్సు:

"ఇ" ఎవరూ నొక్కరు. "అ" అందరికీ తెలుసు, మీ క్విజ్‌లో మార్కులు వచ్చింది అందుకే. ఇంట్లో తల్లి అడిగేది నీళ్లు ఎన్ని అని కాదు. "లీటరంతా ఒక్కసారే కలిపితే పారబొయ్యడమేగా అక్కా, గ్లాసుకు రెండు చెంచాలు వేసి ఇస్తాలే" అంటుంది. అది పొదుపు. అందుకే ఆశా కార్యకర్త కాదనలేక తలూపుతుంది.

కథల కొలిమి:

నర్సు గారి వాక్యాన్ని అలాగే ఉంచి తిరగరాశాను:

తల్లి చేతిలో స్టీలు గ్లాసు, ప్యాకెట్ మూల చింపి ఉంది.
తల్లి: "లీటరంతా ఒక్కసారే కలిపితే పారబొయ్యడమేగా అక్కా. గ్లాసుకు రెండు చెంచాలు వేసి ఇస్తాలే."
అ) సరే, మిగిలిన పొడి తడి తగలకుండా మడిచి పెట్టుకో అంటాను.
ఆ) ప్యాకెట్‌ను కంటితో అయిదు భాగాలు చేసి, ఒక భాగం గ్లాసులో వేసి చూపిస్తాను.
ఇ) ఇంట్లో లీటరు సీసా ఉందా అని అడిగి, ప్యాకెట్ అంతా అందులో నా ఎదురుగానే కలిపిస్తాను.

"అ" ఫలితం: సాయంత్రం. గ్లాసు అడుగున కరగని పొడి. బిడ్డ ఒక గుక్క తాగి మొహం తిప్పేశాడు. తల్లి: "ఉప్పుగా ఉందేమో, తాగట్లేదు." నాలుగు సెకన్లు నిశ్శబ్దం.

"ఆ" ఫలితం: మీరు చేసింది సరిపోయింది. మర్నాడు తల్లి ఒక్కతే చేస్తోంది, ఆమె వేసిన భాగం మీరు వేసినదానికి రెండింతలుంది. కింద ప్యాకెట్‌లో ఇక మిగిలింది చూపించండి, మాట అక్కర్లేదు.

"ఇ" ఫలితం కూడా పూర్తిగా సుఖంగా ఉండొద్దు. సీసా ఉంది, కలిపింది, రుచి చూసింది. తెల్లారి సగం మిగిలితే పారబోస్తూ తల్లి ఒక్క క్షణం ఆగుతుంది, కొత్త ప్యాకెట్ ఉందా అన్నట్టు మీ సంచి వైపు చూస్తుంది. తర్వాతి నిర్ణయం అక్కడి నుంచే మొదలవ్వాలి: ఆమెకు మొదటిరోజే ఎన్ని ప్యాకెట్లు ఇచ్చి వచ్చారు?